అమ్మమ్మ పెళ్ళి జరిగిన మేడ

ఎదుర్లంక రేవులో బస్సు దిగగానే అమ్మ ఒక చేత్తో ట్రంకుపెట్టె, రెండో చేత్తో చెల్లి రెక్క పట్టుకుని పంటు వైపు పరిగెత్తేది. వెనకాల నేను, కొబ్బరికాయల సంచీతో. 1980ల మొదటి రోజులవి. ఇప్పుడున్న బాలయోగి వారధి అప్పటికింకా లేదు, గౌతమి దాటాలంటే పంటు ఎక్కాలి, అది వెళ్ళిపోతే లాంచీ, అదీ లేకపోతే నాటు పడవ. లారీలు, సైకిళ్ళు, గడ్డిమోపులు, సంతకి తోలుకెళ్ళే మేకలు, వీటన్నిటి మధ్యా ఇరుక్కుని నించునేవాళ్ళం. సముద్రం అక్కడికి దగ్గరే కాబట్టి గాలి ఉప్పగా తగిలేది. నడి గోదాట్లోకి వచ్చాక అమ్మ చెయ్యెత్తి "అదిగో రా, తాతయ్యగారి ఊరు" అని చూపించేది. ఆ మాటతో నాకు వేసవి సెలవులు మొదలైనట్టే.

మా అమ్మమ్మగారి ఊరు యానాం. పుట్టింటివాళ్ళది మాత్రం కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. వాళ్ళ పెళ్ళి 1932లో. అప్పటికి అమ్మమ్మకి ఎనిమిదేళ్ళు, తాతయ్యకి పన్నెండు. ఆడపిల్ల ఇంట్లో పెళ్ళి చెయ్యడం ఆనవాయితీ కదా, వీళ్ళ పెళ్ళి మాత్రం ఆడపిల్లవారే పడవలెక్కి యానాం వచ్చి, ఎవరిదో మేడ నాలుగు రోజులకి అద్దెకి తీసుకుని చేశారు. కారణం శారదా చట్టం. 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. గోదావరికి ఇవతల బ్రిటిష్ వాళ్ళ చట్టం, అవతల యానాంలో ఫ్రెంచివాళ్ళ రాజ్యం. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుంచి చిన్నపిల్లల పెళ్ళిళ్ళన్నీ యానాంకి తరలివచ్చేవి. ఎన్ని వచ్చాయంటే ఊరికి కల్యాణపురం అని ఇంకో పేరే పడిపోయింది. ముహూర్తాల రోజుల్లో ఒకే వీధిలో నాలుగైదు మేళాలు ఒకేసారి వాయించేవారని, ఏ సన్నాయి ఎవరి పెళ్ళిదో తెలిసేది కాదని అమ్మమ్మ చెప్పేది. ఎనిమిదేళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యడం తప్పు, ఆ చట్టం రావడం న్యాయం. అది తప్పించుకోడానికి పడవలెక్కారని చెప్పుకోవడానికి నాకు బాధగానే ఉంటుంది. కానీ మా ఇల్లు అలా మొదలైంది, దాచి ఏం లాభం.

ఆ పెళ్ళి గురించి అమ్మమ్మకి గుర్తున్నవి చాలా తక్కువ. సగం సేపు నిద్రపోయింది. గుర్తున్నదల్లా నేల. బాసికం కట్టి తల వంచి కూర్చోబెట్టారు, తల ఎత్తితే మేనత్త వెనకనించి నొక్కేది, అందుకని ఎంతసేపూ నేలనే చూస్తూ కూర్చుంది. నల్లచదరం, తెల్లచదరం, మళ్ళీ నల్లచదరం. వాళ్ళ ఊళ్ళో పేడతో అలికిన నేలలే, అలాంటి నేల ఆ పిల్ల అంతకుముందు చూడలేదు. తెల్లచదరాలన్నీ లెక్కపెడదామని మొదలుపెట్టి, నలభై దాటాక నిద్రొచ్చేసిందట. ఇంకా కిటికీలకి ఆకుపచ్చ చెక్క రెక్కలు, అడ్డంగా సన్నటి పట్టీలు, వాటిలోంచి ఎండ గీతలు గీతలుగా పడటం, పెరట్లో పనసచెట్టు. అంతే. ఆ మేడ ఎవరిది, ఏ వీధిలో ఉంది, ఆమెకి తెలీదు. పెళ్ళయ్యాక పుట్టింటికి తీసుకెళ్ళిపోయి, పధ్నాలుగో ఏట కాపరానికి పంపారు. అప్పటికి అన్ని మేడలూ ఒక్కలాగే కనిపించాయట.

నేను మాత్రం ఆ మేడ వెతకడం మొదలుపెట్టాను. పదేళ్ళ వయసులో మొదలైన ఆ పిచ్చి ఇప్పటికీ పోలేదు.

తాతయ్య సాయంత్రం పూట నన్ను షికారు తీసుకెళ్ళేవారు. పంచె, చేతిలో గొడుగు, ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు. ఫ్రెంచి బడిలో చదువుకున్నారు, ఒక బట్టల వర్తకుడి దగ్గర గుమాస్తాగా చేశారు. మునిసిపాలిటీ ఆఫీసుని ఆయన 'మేరీ' అనేవారు. చర్చి ఉన్న ఊరు కదా, ఆ భవనానికి మరియమ్మ పేరు పెట్టారని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఫ్రెంచిలో పురపాలక భవనాన్నే అలా అంటారని కాలేజీకి వచ్చాక తెలిసింది. ఫ్రెంచివాళ్ళు మన దేశంలో తమ ఊళ్ళకి మునిసిపాలిటీలు పెట్టింది 1880లో, ఎన్నికైన మేయరు ఊరిని నడిపేవాడు. కాగితాల్లో పేర్లు కూడా వేరేగా ఉండేవి. తాతయ్య జనన పత్రం నేను చూశాను, ఇంగ్లీషువాళ్ళు 'యు' ఒక్కటే రాసేచోట ఫ్రెంచి గుమాస్తా 'ఓ', 'యు' రెండూ పక్కపక్కన రాశాడు. ఆ పేరుని తాతయ్య వేలితో తడుముతూ చదివేవారు, అక్షరాలు పొడుగైనందుకు ఆయనకి అదో ముచ్చట.

మా నడక చర్చి దగ్గర మొదలయ్యేది. సెయింట్ ఆన్స్ చర్చి, 1846 నాటిది. బలిపీఠం, లోపలి అలంకరణ ఓడల్లో ఫ్రాన్సు నుంచి తెప్పించారు. మేం లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు, గుమ్మం దగ్గర నించుని చూసేవాళ్ళం. లోపల చల్లగా, చీకటిగా, మైనం వాసన. "ఈ గోడ ఎంత మందమో చూడు" అని తాతయ్య గోడకి నా జానతో కొలిపించేవారు. గానుగ సున్నం, అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి రోజుల తరబడి తిప్పిన సున్నం అని చెప్పేవారు. 1846 అన్న అంకె నాకు చిన్నప్పుడు ఒట్టి అంకె. దానికి ఏడేళ్ళ ముందు ఈ తీరంలో ఏం జరిగిందో చదివాక ఆ మందం అర్థమైనట్టనిపించింది. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన పక్కనే ఉన్న కోరంగి రేవుని తుడిచిపెట్టేసింది. కోరంగి అప్పట్లో ఓడలు కట్టే పెద్ద రేవు. ఆ దెబ్బ తరవాత మళ్ళీ కోలుకోలేదు, ఇప్పుడు అక్కడ మడ అడవులు. అంతకుముందు 1789లో కూడా మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కోరంగిని ముంచాయి. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన పుస్తకంలో ఈ కోరంగి ఉప్పెనల గురించి రాశాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన గోదావరి ముఖద్వారం ఉందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

చర్చి నుంచి ఏటి గట్టుకి నడిచేవాళ్ళం. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోటు అది. ఊరు ఎందుకు పుట్టిందో తెలియాలంటే అక్కడే నించోవాలి. ఒక పక్కన సముద్రంలోకి దారి, ఇంకోపక్క పైనుంచి పడవల్లో దిగే సరుకు. ఫ్రెంచివాళ్ళు మొదటిసారి 1723లో వచ్చి కోఠీ, అంటే వర్తకపు గిడ్డంగి, పెట్టారు, వ్యాపారం సాగక 1727లో వదిలేసి పోయారు, 1731లో మళ్ళీ వచ్చారు. వాళ్ళకి కావలసింది మన సాలెల నేత. గోదావరి ఊళ్ళలో నేసిన నూలుబట్ట ఓడలకెత్తి పుదుచ్చేరికి, అక్కడినుంచి ఫ్రాన్సుకి పంపేవారు. ఈ బట్ట కోసమే ఇంగ్లీషువాళ్ళు అంతకుముందే 1708లో పక్కనున్న ఇంజరంలో దిగారు, తరవాత నీలపల్లిలో. కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. ఎడ్లబండి మీద ఒక్క రోజులో చేరగలిగిన మేరలో మూడు దేశాల జెండాలు. నేతగాడికి మాత్రం ఎవరు అడ్వాన్సు ఇస్తే వాళ్ళ బాకీయే. మా తాతయ్య తాత నేతపని చేసేవారట. అందుకని ఈ ముక్క చెప్పేటప్పుడు తాతయ్య గొంతు కొంచెం గట్టిపడేది.

1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కారులు ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చేశాడు, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. అంటే కొన్నేళ్ళపాటు మన కోస్తాలో ఇంచుమించు సగం ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికింద ఉంది. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో. మరుసటి ఏడు డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయేసరికి అదంతా పోయింది. ఆ తరవాత యానాం కథ విచిత్రం. యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఊరు పట్టుకునేవారు, సంధి కుదిరితే తిరిగి ఇచ్చేవారు. నెపోలియన్ ఓడిపోయాక, 1817 నాటికి, యానాం చివరిసారిగా ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చింది. 1815లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రెంచి ప్రాంతాల్లో ఉప్పు వ్యాపారం ఇంగ్లీషువాళ్ళది, అందుకు ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచివాళ్ళకి. సముద్రం పక్కన ఉన్న ఊరికి ఉప్పు బయటినుంచి రావాలి! చిన్నప్పుడు తాతయ్య ఇది చెబితే నమ్మలేదు, పెద్దయ్యాక పుస్తకంలో చదివి ఆయనకి ఉత్తరం రాశాను.

పంతొమ్మిదో శతాబ్దానికి ముందు, 1790ల మొదట్లో, యానాంకి అధికారిగా ఉన్నవాడు పియర్ సొన్నెరా. మొక్కలూ పక్షులూ బొమ్మలు గీస్తూ తూర్పు దేశాలన్నీ తిరిగిన మనిషి. మన బూడిదరంగు అడవికోడికి శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. ఏ పుస్తకంలోనైనా ఆయన గురించి చదివినప్పుడు, ఆ పెద్దమనిషి మా గట్టు మీద నడిచాడు కదా అనిపిస్తుంది. అదే కాలంలో అదే గట్టు మీద నుంచి మనుషుల్ని కూడా ఓడలెక్కించారు. కరువులో తిండిలేని వాళ్ళని కొని, కొందరిని ఎత్తుకొచ్చి, హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవులకి బానిసలుగా పంపారు. తరవాత 1828 నుంచి కూలి ఒప్పందాల మీద తెలుగువాళ్ళు యానాం నుంచి రీయూనియన్ దీవికి వెళ్ళడం మొదలైంది. చెరుకు తోటల్లో పనికి. తాతయ్య ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, ఆయనకి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. మేడల అందం గురించి రాసేవాళ్ళు ఇది కూడా రాయాలి. ఆ బర్మా టేకు దూలాలు, ఆ చలవరాళ్ళు ఊరికే రాలేదు.

సరే, మేడల దగ్గరికి వస్తాను. నా చిన్నప్పటికి పాత వీధుల్లో వర్తకుల ఇళ్ళు ఇంకా చాలా ఉండేవి. బయటినుంచి చూస్తే దొరల బంగళాలా గుండ్రటి స్తంభాల వరండా, కమాను గుమ్మాలు, పొడుగాటి కిటికీలకి చెక్క రెక్కలు. లోపలికి అడుగు పెడితే మాత్రం అచ్చం మన మండువా లోగిలి, నడుమ ఆకాశం, వాన నీళ్ళు పడే కుండీ, చుట్టూ వసారా, తులసికోట. పైన గూనపెంకు. వీధిలో ఫ్రెంచి, పెరట్లో తెలుగు అనేవారు తాతయ్య. నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మొదట నేల చూసేవాణ్ణి. ఒకచోట ఎర్ర గచ్చు, ఒకచోట నల్ల నాపరాయి. పెద్ద జమీందారు మేడకి కూడా గేటు దాకా వెళ్ళాను, కాపలా ఆయన "ఎవరబ్బాయివి బాబూ" అని ఆప్యాయంగానే అడిగాడు గానీ లోపలికి పోనివ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు మీసాల వెంకన్న గుడికి వెళ్ళేవాళ్ళం. స్వామికి మీసాలు ఉంటాయి, యానాం వచ్చిన పిల్లలెవరూ మర్చిపోరు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి బాల్యం గడిచింది ఈ ఊళ్ళోనే. ఆయన నడిచిన వీధులివే అని తాతయ్య ఏదో సొంత చుట్టం గురించి చెప్పినట్టు చెప్పేవారు, పద్యం ఎత్తుకుని ఇంటి గుమ్మం దాకా పాడుకుంటూ వచ్చేవారు. మంగళవారమైతే దారి మార్చి సంతకి. ఫ్రెంచి కాలంలో ఆ సంతకి అటు బ్రిటిష్ ఇండియా వైపు నుంచి జనం విరగబడేవారట, సుంకం లేని విదేశీ సరుకు కోసం. అమ్మమ్మ అన్నదమ్ములు సెంటు సీసాలు పంచె మడతల్లో పెట్టుకుని పడవెక్కేవారని చెప్పి ఆమె నవ్వేది.

1954 జూన్ 13 గురించి తాతయ్య చెప్పే పద్ధతి వేరు. కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పేవారు. ఫరాంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య వాలంటీర్లతో ఊళ్ళోకి వచ్చిన రోజు అది. ఆ రోజుతో ఫ్రెంచి మూడు రంగులు దిగి మన మూడు రంగులు ఎగిరాయి. తాతయ్యకి ముప్పై నాలుగేళ్ళు. కొట్టు తలుపులు మూసేసి, సందులోంచి చూశారట, ఆ తరవాత ఉండబట్టలేక బయటికొచ్చేశారట. పుదుచ్చేరితో పాటు నవంబరు 1న పాలన భారతదేశం చేతికొచ్చింది, 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలు, 1962 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. అప్పుడు ఏ పౌరసత్వం కావాలో ఎంచుకోమన్నారు. తాతయ్య స్నేహితులు కొందరు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోయారు, వాళ్ళకి పారిస్ నుంచి పింఛను వచ్చేది. ఈయన ఇండియానే అన్నారు. దాని గురించి గొప్పగా చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు, ఫ్రెంచి పద్యాలు మాత్రం చివరిదాకా అప్పగించేవారు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా ఇంటి మీదుగా పోయింది. నేను అప్పటికి హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను, మూడు రోజులు ఏ కబురూ లేదు. బస్సులు మారి, చివర కొన్ని మైళ్ళు కొబ్బరిచెట్లు దాటుకుంటూ నడిచి వెళ్ళేసరికి ఇంటికి కప్పు లేదు. తాతయ్య, అమ్మమ్మ మూలగదిలో మంచం కింద కూర్చుని ఆ రాత్రి గడిపారు. పాత సున్నం గోడలు నిలబడ్డాయి, దూలాలు నిలబడ్డాయి, గూనపెంకు మొత్తం ఎగిరిపోయింది. మళ్ళీ పెంకు నేయించడానికి పనివాళ్ళు దొరకలేదు. ఇద్దరు మావయ్యలూ కూర్చుని మాట్లాడుకుని, లోగిలి పడగొట్టి డాబా వేశారు. ముసలివాళ్ళు మళ్ళీ అలాంటి రాత్రి చూడకూడదు కదా, వాళ్ళని నేనేమీ అనలేను. ఆ గోడలు పడగొట్టడానికి పనివాళ్ళకి పదకొండు రోజులు పట్టింది.

తాతయ్య పోయాక, అమ్మమ్మ ఉన్నప్పుడే, ఒక సెలవులో పాత వీధిలో వెళ్తుంటే ఒక మేడ కొడుతున్నారు. సగం గోడ పోయి వీధిలోకి హాలు కనబడుతోంది. దుమ్ము, ఇటుకముక్కలు, వాటి కింద నేల. నేను మేస్త్రిని అడిగి లోపలికెళ్ళి, కాలితో దుమ్ము తోస్తే నల్లచదరం, పక్కన తెల్లచదరం. పెరట్లోకి పరిగెత్తాను. పనసచెట్టు లేదు, ఏదో పెద్ద మొద్దు మాత్రం ఉంది, ఏ చెట్టుదో మేస్త్రికి తెలీదు. ఒక తెల్లరాయి అడిగి తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టాను. అప్పటికి చూపు సరిగ్గా ఆనేది కాదు. అరచేత్తో దాన్ని అటూ ఇటూ రాసి, "ఇంత చిన్నదా? నాకు పెద్దవిగా గుర్తు" అంది. కాసేపాగి, "అప్పుడు నేను చిన్నదాన్ని కదరా" అంది. అదే మేడ అని మాత్రం అనలేదు. అలాంటి నేల ఆ రోజుల్లో చాలా ఇళ్ళకి ఉండేదని అమ్మ అంటుంది.

ఇప్పుడు వారధి మీద కారులో గౌతమి దాటడానికి ఐదు నిమిషాలు చాలు. ఏటి గట్టున రాజీవ్ బీచ్, భరతమాత విగ్రహం, సాయంత్రాలు కుటుంబాలతో కళకళలాడుతుంది, నాకూ ఇష్టమే. చర్చి అలాగే ఉంది. పాత మేడలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేలా మిగిలాయి, ఉన్నవాటిలో కూడా చాలావాటికి కిటికీ రెక్కలు పోయి ఇనప ఊచలు వచ్చాయి. వెళ్ళినప్పుడల్లా ఫొటోలు తీస్తున్నాను, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే లోపల నేల కూడా.

గోదావరి జిల్లాల్లో మీ ఇంట్లో ఏ ముత్తవ్వ పెళ్ళో, ఏ తాత పెళ్ళో యానాంలో అయిందని విని ఉంటే, పాత ట్రంకుపెట్టెలో శుభలేఖ ఉందేమో ఒక్కసారి చూడండి. విడిది ఎక్కడ ఇచ్చారో, ఎవరి మేడో అందులో అచ్చువేసి ఉండొచ్చు. మా ఇంట్లో శుభలేఖ తుఫాను నీళ్ళలో పోయింది. తాతయ్యకి పెళ్ళినాటికి పన్నెండేళ్ళు, అదే ఊరివాడు, ఆయనకి ఆ మేడ తప్పకుండా తెలిసి ఉంటుంది. ఇన్నేళ్ళు ఆయన పక్కన నడిచాను, అమ్మమ్మని తప్ప ఆయన్ని ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.